పట్టా చేతికి వచ్చేవరకు లెక్క వేద్దాం
(విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే మన ఇళ్లలో వినిపించే మొదటి ప్రశ్న “ఏ కాలేజీలో సీటు వస్తుంది?” రెండవది “ఫీజు ఎంత?” మూడవ ప్రశ్నను మాత్రం చాలా కుటుంబాలు అడగడం లేదు. పట్టా చేతికి వచ్చేనాటికి మొత్తం ఖర్చు ఎంత, అందులో మన కష్టార్జితం నుండి పోయేది ఎంత? ఈనాటి మా మాటలన్నీ ఈ మూడవ ప్రశ్నను గురించే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఊరికి దగ్గరలోని ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాల ఫీజు ఏడాదికి 95,000 రూపాయలు. యాజమాన్యం మొదటి ఏడాది 40,000 తగ్గిస్తామంటుంది. బస్సుకు 25,000, పరీక్ష, ఇతర రుసుములకు 10,000 అనుకుందాం. నాలుగేళ్లకు మొత్తం 4,80,000 అవుతుంది. పక్క జిల్లాలోని ప్రభుత్వ కళాశాలలో అన్ని రుసుములూ కలిపి 25,000, హాస్టలు, భోజనాలకు 60,000, రాకపోకలకు 10,000 అనుకుంటే నాలుగేళ్లకు 3,80,000. రాయితీ ప్రకటించిన కళాశాలే లక్ష రూపాయలు ఎక్కువ ఖరీదైనదని కాగితం మీద రాసుకుంటే తప్ప తెలియదు. కనుక యాజమాన్యం స్కాలర్‌షిప్ ఇస్తామన్నప్పుడు అది ఒక్క ఏడాదికా, అన్ని ఏళ్లకా, మార్కులు తగ్గితే రద్దవుతుందా అని అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇక ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ విషయం. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే అది వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు వర్తించదు. తెలంగాణలో మైనారిటీ విద్యార్థుల కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో లక్షా యాభై వేలకు, పట్టణాల్లో రెండు లక్షలకు మించరాదు. పేరున్న కళాశాల అనే ఒకే ఒక్క ఆకర్షణతో వడ్డీకి అప్పు తెచ్చి మేనేజ్‌మెంట్ సీటు కొనడమంటే, చేతికి అందే హక్కును వదులుకొని భారాన్ని నెత్తికెత్తుకోవడమే. క్యాపిటేషన్ ఫీజు వసూలును 1983 నాటి చట్టమే నిషేధించిందన్న సంగతి కూడా మరువరాదు. 2007 చట్టం ద్వారా బీసీ–ఇ వర్గానికి లభించిన 4 శాతం రిజర్వేషన్ కన్వీనర్ సీటుకు దారి చూపుతుంది. అర్హత గల కుటుంబాలు కుల ధ్రువీకరణ పత్రాన్ని కౌన్సెలింగుకు ముందే సిద్ధం చేసుకోవాలి.

రీయింబర్స్‌మెంట్ మంజూరు కావడం వేరు, సొమ్ము కళాశాలకు చేరడం వేరు. బకాయిలు నిలిచిపోయినప్పుడు కొన్ని యాజమాన్యాలు విద్యార్థి మీదనే ఒత్తిడి తెచ్చి, ఫీజు కట్టేవరకు సర్టిఫికెట్లు ఇవ్వబోమంటాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యాసంస్థలు తమ వద్ద అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే ఆదేశించింది. సర్కారు బకాయికి పేద విద్యార్థి సర్టిఫికెట్ తాకట్టు కాకూడదు. ఇది మనం అడుక్కునే దయ కాదు, అడగవలసిన హక్కు. చేరే ముందు అదే కళాశాల సీనియర్లను కలిసి, బకాయిల సమయంలో యాజమాన్యం ఎలా ప్రవర్తించిందో తెలుసుకోవడం కూడా ఎంపికలో భాగమే.

కార్యాలయాల్లో దస్త్రాల మధ్య జీవితం గడిపిన వాళ్లం కనుక మరొక మాట చెప్పక తప్పదు. మన పేర్లే మనకు అడ్డు పడుతుంటాయి. పదవ తరగతి మెమోలో “షేక్” అని పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో “ఎస్కే” అని ఉంటుంది. ఒకచోట “మహమ్మద్”, మరొకచోట “ఎండీ”. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరే ఉండదు. ఈ తేడాలను సెలవుల్లోనే సరిచేయించండి. ఆదాయ ధ్రువీకరణ పత్రానికి మీసేవలో ముందుగా దరఖాస్తు చేయండి. ఏటా రెన్యువల్ చేయాలి, హాజరు 75 శాతానికి తగ్గకూడదు.

పథకాలు ఎల్లకాలం ఒకేలా ఉండవు. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022–23 నుండి నిలిపివేసింది. అదే ఏడాది ఎనిమిదవ తరగతి వరకు చదివే మైనారిటీ పిల్లలకు ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ కూడా ఆగిపోయింది. వీటి పునరుద్ధరణ కోసం పోరాడవలసిందే. అయితే ఇంటి లెక్క వేసేటప్పుడు స్కాలర్‌షిప్ ఒక ఏడాది ఆలస్యమైనా చదువు సాగే కళాశాలనే ఎంచుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట చివరికి ఉంచాము. డబ్బు చాలనప్పుడు మన ఇళ్లలో మొదట ఆగేది ఆడపిల్ల చదువు. అబ్బాయి మేనేజ్‌మెంట్ సీటుకు మూడు లక్షలు అప్పు పుడుతుంది, అమ్మాయి బస్సు పాసుకు డబ్బు లేదంటాము. ఇద్దరి ఖర్చునూ ఒకే కాగితం మీద రాయండి. కుమారుని కన్వీనర్ సీటులో చేర్పిస్తే మిగిలే సొమ్ముతో కుమార్తె డిగ్రీ పూర్తవుతుందేమో చూడండి. చాలా ఇళ్లలో పూర్తవుతుంది.

మసీదు కమిటీలకు మా విన్నపం ఒక్కటే. కౌన్సెలింగ్ జరిగే రోజుల్లో జుమా తరువాత ఒక గంటసేపు ఇద్దరు చదువుకున్న యువకులను, మహిళల కోసం ఒక ఉపాధ్యాయురాలిని కూర్చోబెట్టండి. దరఖాస్తులు నింపించండి, ఖర్చుల పట్టిక రాయించండి. అర్హులైన పేద విద్యార్థుల హాస్టలు ఖర్చుకు, తొలి వాయిదాకు జకాత్ నుండి సాయం అందించండి. ఈ వారంలోనే ప్రతి తండ్రీ, ప్రతి తల్లీ తమ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని రెండు కళాశాలల పేర్లు రాసి, వాటి కింద నాలుగేళ్ల ఖర్చు రాయాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.