వేసవి సెలవులు – పుష్పకైంకర్యము



వేసవి సెలవులకు మనుమలు, మనుమరాండ్రు మన యిండ్లకు వచ్చెదరు. వారికి మన మేమి యిచ్చి పంపుచున్నాము?

శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తులవారు తులసివనమును పెంచి, మాలలు కట్టి వటపత్రశాయికి సమర్పించిరి. ఆ వనముననే వారికి గోదాదేవి లభించెను. తండ్రి కట్టిన మాలలను చూచుచు పెరిగిన ఆ తల్లి స్వామినే వరించెను. తిరుమలలో అనంతాళ్వారులు భగవద్రామానుజుల యాజ్ఞచే పూదోటను పెంచి, చెరువు త్రవ్విరి. వారి గునపమును మహాద్వారమున నేటికిని దర్శింపవచ్చును.

కావున పిల్లలకు భక్తిని చెప్పుటకంటె చేయించుట మేలు. ఉదయపు చల్లదనమున తులసి మొక్కలు నాటించి, వారిచేతనే నీరు పోయింతము. మధ్యాహ్నము తడిపిన అరటినారతో మల్లెలను, మరువమును కూర్చుట నేర్పుదము. ముడి వదులైనను, మాల వంకరయైనను స్వామి స్వీకరించును.

సెలవులు ముగియగానే వారు వెడలిపోవుదురు. మరుసటి వేసవికి మన ముందుమో లేదో! ఆ చిన్నిచేతుల కబ్బిన కైంకర్యము మాత్రము నిలుచును.

స్వస్తి.