గోడ తాగిన నీళ్లు



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ కష్టమంతా డబ్బుదే అనుకునేదాన్ని, మా స్నానాలగది గోడకు చెమ్మ ఎక్కేదాకా. ప్లంబరు వచ్చి మూడుచోట్ల టైల్సు పగలగొట్టాడు. నాలుగోచోట గాని కారే పైపు దొరకలేదు. "పైపు ఎటు పోయిందో ప్లాను కాగితం ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగాడు. మా దగ్గర లేదు, కట్టినవారి దగ్గరా లేదు. ఎన్ని బిందెల నీళ్లు ఆ గోడ తాగిందో! అదే వేసవిలో మేము ట్యాంకరు నీళ్లు కొనుక్కున్నాం.

అప్పుడు తెలిసింది నాకు, నీటి పొదుపు కుళాయి దగ్గర కాదు, ఇంటి ప్లాను దగ్గరే మొదలవుతుందని.

పట్టు జాకెట్టు గుడ్డ మీద నేరుగా కత్తెర వేస్తామా చెప్పండి? ముందు కాగితం మీద కత్తిరించి, కొలత సరిచూసుకుంటాం. ఇళ్లకూ ఇప్పుడు అలాంటి పద్ధతి ఉంది. బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, పొట్టిగా 'బిమ్' అంటారు. పునాది తవ్వకముందే ఇల్లంతా కంప్యూటరులో కట్టి చూస్తారన్నమాట. అది ఉత్త బొమ్మ కాదు. ప్రతి గోడ కొలతా, ప్రతి పైపు పొడవూ, లావూ, కుళాయిలో నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తాయో కూడా అందులో నమోదు చేయవచ్చు. పైపుకు దూలం అడ్డొస్తే ముందే తెలిసిపోతుంది.

దీనివల్ల మనకేమిటి అంటారా? గీజరు ఒక మూల, వంటింటి సింకు ఇంకో మూల ఉన్నాయనుకోండి. మధ్య ముప్పావు అంగుళం పైపు 10 మీటర్లుంటే, అందులో సుమారు 3 లీటర్ల చన్నీళ్లు నిలిచి ఉంటాయి. అవి పోతేగాని వేణ్ణీళ్లు రావు. రోజుకు నాలుగుసార్లయితే 12 లీటర్లు; ఏడాదికి 4,380 లీటర్లు! కంప్యూటరులో గీజరును ఇటు జరిపి చూడటం నిమిషాల పని. కట్టాక జరపాలంటే గోడ పగలాల్సిందే.

అలాగే స్నానాల నీళ్లు మొక్కలకు మళ్లించాలంటే వేరే పైపు కావాలి. అది గోడలు లేవకముందే అనుకోవాలి. వాననీటి సంగతీ అంతే. చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. అంటే 100 చదరపు మీటర్ల డాబా మీద 80,000 లీటర్లు పడుతుంది. కొంత ఆవిరైపోయినా మిగిలింది తక్కువేమీ కాదు. డాబా వాలు ఎటు, తొట్టి ఎంత ఉండాలి అన్నది మోడల్లో ముందే లెక్క కట్టుకోవచ్చు.

అయితే కంప్యూటరు తనంతట తాను ఒక్క చుక్కయినా మిగల్చదు. మోడల్లో ఒకటి, మేస్త్రీ కట్టింది ఒకటి అయితే ఆ శ్రమంతా వృథాయే. అందుకని ఫ్లాటు కొనేటప్పుడు అల్మారాలు ఎన్ని అని అడిగినట్టే, పైపులు ఎటు పోయాయని కూడా అడగండి. చివరికి కట్టినదాని ప్రకారం సరిదిద్దిన ప్లానును ఇంటి దస్తావేజులతోపాటు భద్రపరచుకోండి.

పాత ఇళ్లవారు నిరుత్సాహపడనక్కర్లేదు. ఈసారి మరమ్మతుకు గోడ తెరిచినప్పుడు, పైపు పక్కన టేపు పెట్టి ఫోటో తీసి ఉంచండి. మీ తరువాత ఆ ఇంట్లో కాపురముండే ఆడపిల్ల మీకు దణ్ణం పెట్టుకుంటుంది.