గమ్మత్తు మనిషి, విత్తనాల షావుకారు: మన వనజీవి రామయ్య

(ఖమ్మంలో ఒక సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంస్మరణ సభ అంటే ముఖాలు వేలాడేసుకుని కూర్చోవడం మనకు అలవాటు. ఇవాళ అట్ల వద్దు. మనం తలుచుకుంటున్న మనిషి అట్ల బతకలేదు. ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లి ఊరి దరిపల్లి రామయ్య తాతను చూసి ఎవరైనా ముందు నవ్వేవాళ్ళే. మెడలో రేకు బిళ్ళ, దాని మీద ‘వృక్షో రక్షతి రక్షితః’ అని అక్షరాలు, వెంట విత్తనాల సంచి. పెండ్లికి పోయినా అదే వేషం, కలెక్టరాఫీసుకు పోయినా అదే వేషం. 2017లో పద్మశ్రీ అందుకున్న తర్వాత కూడా ఆ వేషం మారలేదు. 2025 ఏప్రిల్ 12న, ఎనభై ఏళ్ళు దాటిన వయసులో, గుండెపోటుతో తన ఇంట్లోనే ఆయన కన్ను మూశాడు. ఆనాటికి ఆయన్ని దరిపల్లి రామయ్య అనే వాళ్ళు లేరు. ఇంటి పేరు పోయి ‘వనజీవి’ అన్నది ఇంటి పేరయింది. జనం పెట్టిన ఇంటి పేరు అది. ఏ గెజిట్‌లోనూ మార్చుకోవలసిన పని పడలేదు.

మనం ముందు ఆయన ఇంటి ముచ్చట చెప్పుకోవాలి. గొప్పవాళ్ళ గురించి మాట్లాడినప్పుడు ఇల్లు, పెండ్లాం, పిల్లలు మరుగున పడిపోతరు. రామయ్య తాత విషయంలో అట్ల కుదరదు. ఆయన పని సగం జానమ్మ పని. ఎండకాలంలో చెట్ల కింద విత్తనాలు ఏరిన చేతులు నాలుగు. వానలు పడంగనే కాలువ గట్ల వెంట నడిచిన కాళ్ళు నాలుగు. మొగుడు ఇల్లు పట్టకుండా చెట్ల వెంట తిరుగుతుంటే ఏ ఇల్లాలైనా తగువు పెట్టుకుంటుంది. జానమ్మ మాత్రం తానే ఒక గంప ఎత్తుకుని వెంట నడిచింది. మనుమరాళ్ళు పుడితే తాత వాళ్ళకు చెట్ల పేర్లు, పూల పేర్లు పెట్టుకున్నాడు. ఇంట్లో పిల్లను కేకేసినా అడవిని పిలిచినట్టే ఉండాలన్న సరదా అది.

ఆ ఇల్లు కూడా ఒక గమ్మత్తే. పారేసిన రేకులు, డబ్బా మూతలు, పాత చక్రాలు, ఏది దొరికితే దాని మీద రంగుతో చెట్ల గురించి నినాదాలు రాసి వేలాడదీసేవాడు. మనం గోడల మీద నినాదాలు రాసినవాళ్ళమే. రాత్రిపూట రాసి పొద్దున తప్పించుకున్నవాళ్ళమే. కానీ సొంత ఇంటినే నినాదంగా మార్చిన మనిషిని మనం ఇంకొకరిని చూడలేదు. పదో తరగతికి మించి చదువు లేని మనిషి పత్రికల్లో చెట్ల మీద వచ్చిన ప్రతి ముక్కను చదివి దాచుకునేవాడు. విద్యార్థి మిత్రులు ఇది గుర్తు పెట్టుకోవాలి. తర్వాత ఆయన జీవితమే మన ఆరో తరగతి పుస్తకంలో పాఠమయింది.

ఇక ఆయన యాపారం ముచ్చట. పుట్టింది కుండలు చేసే కుమ్మరి ఇంట్లో. మట్టి పని తెలిసిన చేతులు. ఉన్న మూడెకరాల భూమి అమ్మి విత్తనాలకు, మొక్కలకు పెట్టాడు. మన ఖమ్మం గాంధీచౌక్‌లో ఏ షావుకారును అడిగినా ఇది దివాలా యాపారమనే చెప్తడు. లెక్క ప్రకారం ఆ షావుకారు చెప్పింది నిజమే. కానీ రామయ్య తాత పద్దు వేరే తీరుది. పెట్టుబడి ఎండకాలంలో ఏరిన గింజ. కూలీ సొంత రెక్కలు. రవాణా ఒక సైకిలు. లాభం మాత్రం ఊరందరిది. ఆయన చేతుల మీదుగా పెరిగిన మొక్కలు కోటికి పైనే అని దేశమంతా చెప్పుకుంటోంది. ఎవరూ లెక్క పెట్టి చూసింది లేదు, పెట్టనక్కర కూడా లేదు. రెడ్డిపల్లి పక్క కాలువ గట్టు వెంట కిలోమీటర్ల దూరం ఎండ తగలకుండా నడిచినవాళ్ళను అడిగితే చాలు.

మొదట్లో ఊళ్ళో వాళ్ళు పిచ్చోడన్నరు. ఆయన కోపం తెచ్చుకోలేదు. పెండ్లికి పిలిస్తే కట్నం బదులు మొక్క పట్టుకుపోయేవాడు. 2022లో ఒక మోటారు సైకిలు ఆయన్ని ఢీకొట్టింది. ఆసుపత్రి మంచం మీద ఉండి ఆ పిల్లగాడి మీద కేసు వద్దన్నాడు, వంద మొక్కలు నాటించమన్నాడు. దెబ్బ తిన్న మనిషి వేసిన శిక్ష అది. మన కోర్టులు వేసే ఎన్ని శిక్షలకు కాయలు కాస్తయో మీరే ఆలోచించండి.

మిత్రులారా! ఇంతవరకు నవ్వుకుంటూ చెప్పుకున్నం. ఇప్పుడు నవ్వకుండా మాట్లాడుకోవలసిన మాట ఒకటుంది.

రామయ్య తాత ఎక్కడ నాటాడు? రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద, బడుల్లో, గుళ్ళల్లో, ఖాళీ జాగాల్లో. ఒకరి చేను గుంజుకుని నాటలేదు. ఈ సంగతి చిన్నది కాదు. ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దారి పట్టండి. ఒక పక్క బొగ్గు కోసం తవ్విన ఓపెన్ కాస్టులు. ఇంకో పక్క సారపాక కాగితపు మిల్లుకు పెంచే జామాయిల్, సుబాబుల్ తోటలు. దూరం నుండి చూస్తే అంతా పచ్చగనే ఉంటుంది. కానీ నాలుగైదేండ్లకోసారి నరికి లారీలకెత్తే తోటను అడవి అంటమా? దాంట్లో ఇప్పపువ్వు రాలదు. తునికాకు దొరకదు. పిట్ట గూడు పెట్టుకునే దాకా చెట్టు నిలవదు. ఇప్పచెట్టు ఒక కోయ ఇంటికి పాడిబర్రె లాంటిది. దాన్ని కొట్టి వంద జామాయిల్ మొక్కలు పెట్టి ‘మొక్కలు పెరిగినయి’ అని కాగితం రాస్తే, ఆ లెక్క ఆఫీసులో సరిపోతది గానీ ఆ ఇంట్లో సరిపోదు.

2015లో రాష్ట్రంలో హరితహారం మొదలయింది. 230 కోట్ల మొక్కలు, పచ్చదనం 24 శాతం నుండి 33 శాతానికి అన్నది లక్ష్యం. మంచి లక్ష్యమే. మనలో చాలామంది ఉద్యోగులు గడ్డపార పట్టి గుంతలు తీసినవాళ్ళే. కానీ అడవి అంచున అదే మొక్క పోడు భూమిలో దిగినప్పుడు అది కొట్లాటయింది. 2006 అటవీ హక్కుల చట్టం పోడు సాగుకు హక్కు ఇస్తానన్నది. 2005 డిసెంబరు 13కు ముందు నుండి సాగులో ఉన్నవాళ్ళకు పట్టా అన్నది. ఆ పట్టా కోసం ఆదివాసీ తిరుగుతూనే ఉంటే, ఇటు మొక్కల టార్గెట్ తరుముకొచ్చింది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర, ప్లాంటేషన్ తగాదాలో ఒక ఫారెస్ట్ రేంజర్ హత్యకు గురయ్యాడు. ఆయనా ఒక ఉద్యోగే, ఒక ఇంటి పెద్దే. 2023లో ఇద్దరు ఆదివాసీలకు యావజ్జీవ శిక్ష పడింది. ఆ ఇండ్లల్లో కూడా పిల్లలున్నరు. ఆ హత్యను మనం సమర్థించం. కానీ మొక్క పేరు మీద మనిషికి మనిషి శత్రువయిన ఆ పరిస్థితి ఎవరు తెచ్చిపెట్టారని అడగకుండా ఉండలేం.

గోదావరి దిక్కు చూడండి. 2014లో రాష్ట్రం వచ్చిన సంబురంలో ఉండంగనే, పోలవరం ముంపు పేరు మీద భద్రాచలం చుట్టుపక్కల మండలాలను మన నుండి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, చింతూరు, వర రామచంద్రపురం, కుకునూరు, వేలేరుపాడు అటు పోయినయి. రాముడి గుడి ఇటు, రాముడి మాన్యం ఉన్న పురుషోత్తపట్నం అటు. గీత ఎటు గీసినా మునిగేది మాత్రం కోయల, కొండరెడ్ల ఊళ్ళే. ఆ నీళ్ళ కింద పోయే అడవికి బదులు ఇంకెక్కడో మొక్కలు నాటుతమంటరు. రామయ్య తాత జీవితమంతా నాటినా, ఒక్క మనిషి నాటినవి అడవి కాలేవు. చెట్టును మనిషి నాటగలడు. అడవిని మాత్రం కాపాడుకోవడమే ఉంటుంది. ఆయన బిళ్ళ మీద ఉన్న మాటకు అర్థం కూడా అదే కదా! చెట్టును రక్షిస్తే చెట్టు మనల్ని రక్షిస్తది. రక్షించమన్నది గానీ, ఒకటి నరికి పది నాటమని అనలేదు.

అందుకే మనం ఆయనకు దండ వేసి, ఫోటో దిగి, ఇండ్లకు పోతే సరిపోదు. ఆయన పేరు మీద మూడు పనులు పెట్టుకుందాం. విద్యార్థులారా! వచ్చే ఎండకాలం సెలవుల్లో మీ ఊరి చెట్ల కింద గింజలు ఏరండి. వేప, కానుగ, చింత, ఇప్ప, మద్ది. కొనే పని లేదు, వంగే పనే. ఉద్యోగ మిత్రులారా! మీ చేతిలో ఫైళ్ళున్నయి. పోడు దరఖాస్తు మీ టేబుల్ మీదికి వచ్చినప్పుడు దాన్ని నెలల తరబడి తొక్కిపట్టకండి. మొక్కల లెక్క రాసేటప్పుడు బతికినవే రాయండి. అందరం కలిసి మూడో పని చేద్దాం. ఎక్కడ అడవి కొట్టి, దాని బదులు ఇంకెక్కడో మొక్కలంటే, అక్కడ గ్రామసభ ఏమన్నదని అడుగుదాం.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తం. రామయ్య తాత ఆస్తులు పంచి పోలేదు. భూమి ఆయన బతికుండంగనే విత్తనాలయింది. ఇంట్లో మిగిలినవి రంగు వెలసిన రేకులు, గింజల సంచులు. ఊరికి మాత్రం నీడ మిగిలింది. మండుటెండలో ఆ కాలువ గట్టు మీద ఆగిన కూలి తల్లి ఆ చెట్టు ఎవరు పెట్టారని అడగదు. చెమట తుడుచుకుని, కాసేపు కూర్చుని లేచిపోతది. ఆయనకు కావలసిన దండ అదే.

జోహార్ వనజీవి రామయ్య! జోహార్ జోహార్!