ధరలు ఒక పద్దు, భద్రత మరో పద్దా?



మన గవర్నర్లను రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికాలో ప్రజలే ఎన్నుకుంటారు. మన ముఖ్యమంత్రి లాంటి పదవి. 2025 నవంబరు 4న వర్జీనియాలో రెండు పెద్ద పార్టీలూ ఆ పదవికి స్త్రీలనే నిలబెట్టాయి. ఇంటి ఖర్చు, మందుల ఖర్చు, కరెంటు ఖర్చు గురించి మాట్లాడి అబిగైల్ స్పాన్‌బర్గర్ గెలిచారు. లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికైన గజాలా హష్మీ మన హైదరాబాదులో పుట్టినావిడ. అదే రోజు న్యూజెర్సీలో, కరెంటు చార్జీలు పెరగనివ్వనన్న మైకీ షెరిల్ గెలిచారు.

స్పాన్‌బర్గర్ సీఐఏలో పనిచేశారు. షెరిల్ నౌకాదళంలో హెలికాప్టర్ నడిపారు. భద్రత గురించి మాట్లాడే స్త్రీని నమ్మాలంటే ఇలాంటి ఉద్యోగం చేసి ఉండాలా? నాకిది మింగుడుపడదు.

భద్రత అనగానే పోలీసు, వీధి గుర్తొస్తాయి. మరి ఇల్లు? కొట్టే భర్తను వదిలి వచ్చిన స్త్రీకి ముందు కావలసింది అద్దెకో గది, దానికి అడ్వాన్సు. ఆ డబ్బు లేకే ఎంతోమంది మళ్ళీ ఆ గడపే తొక్కుతున్నారు. 1992లో సారా దుకాణాలు మూయించిన నెల్లూరు జిల్లా స్త్రీలకిది ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది. కూలి డబ్బు పోయేదీ, ఒంటిమీద దెబ్బలు మొదలయ్యేదీ ఆ దుకాణం దగ్గరే కదా!

ఈసారి ఓటడగడానికి వచ్చినవాళ్ళను గ్యాస్ ధరతోపాటు ఇదీ అడగండి: మన జిల్లాలో అలాంటి స్త్రీ తలదాచుకునే చోటు ఎక్కడుంది, అక్కడ ఎన్నాళ్ళు ఉండనిస్తారు?