అంగడి చెప్పు ఆడమగ భేదము – నవ్వు అను సమాధానము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లు ఒక గ్రామము తన గ్రంథాలయమును నిలుపుకొనుట చిన్న విషయము కాదు. సోమేశ్వరుని దర్శనమునకు వచ్చువారు వచ్చి పోవుదురు. కృష్ణలో నీరు పెరుగును, తగ్గును. పుస్తకము మాత్రము చోటు కదలక పాఠకునికై ఎదురుచూచుచుండును. అట్టి ఓపికకు ఫలితమే నేటి ఈ ఉత్సవము.

ఈ శుభసమయమున నేను మాటలాడ నెంచిన విషయము కొందరికి వింతగా తోచవచ్చును. అంగడి సరకుల ప్రకటనలు ఆడువారిని గూర్చియు, మగవారిని గూర్చియు మనకేమి నేర్పుచున్నవి, ఆ నేర్పుదానిలో అబద్ధమున్నచో దానిని నవ్వుతో ఎట్లు ఎదుర్కొనవలెను అనునదే నా విషయము. గ్రంథాలయమునకు దీనితో ఏమి పని యని మీరు అడుగవచ్చును. దినపత్రిక విప్పినవానికి అనేకసార్లు వార్తకంటె ముందు ప్రకటనయే కంటబడును. పుస్తకము ముట్టనివాడు సైతము గోడమీది వ్రాత చదువును, చేతిలోని ఫోనులో బొమ్మ చూచును. మనము అందరికంటె ఎక్కువగా చదువు గ్రంథకర్త వర్తకుడే. ఇంతగా చదువబడు గ్రంథమునకు విమర్శ యుండవద్దా?

మన పాలమూరు ప్రాంతమున నాట్లు వేయునది ఎవరు? కలుపు తీయునది, పత్తి ఏరునది ఎవరు? సమాధానము మీరెరుగుదురు. కాని విత్తనముల ప్రకటనలోను, ట్రాక్టరు ప్రక్కను మీసము దువ్వు మగవాడే ఎక్కువగా నిలిచియుండును. ఆడమనిషి కనబడినచో సద్దిమూట నెత్తిన పెట్టుకొని గట్టుమీద నడచి వచ్చుచుండును. ఇక సబ్బుపొడి, వంటనూనె, గిన్నెలు తోము సబ్బు మున్నగువాని ప్రకటనలలో ఆమెయే నాయిక. మరక కనబడగానే ఆమె ముఖము వాడును. మరక పోగానే విప్పారును. మరక చేసినవాడు మాత్రము నవ్వుచు బయటికి పోవును. పొలములో ఆమె చేయి బొమ్మకెక్కదు. ఇంటిలో ఆయన చేయి బొమ్మకెక్కదు. భార్యపై ప్రేమగలవాడు తమ సరకును కాదనలేడని ఒక ప్రెషరు కుక్కరు కంపెనీ ఏండ్ల తరబడి ప్రకటించినది. ప్రేమ ఆయనది, పొయ్యి ఆమెది!

ఇవి బొమ్మలే కదా, వీనివలన నష్టమేమి యనుట తగదు. పదేపదే చూచిన బొమ్మ నియమముగా మారును. గిన్నెలు తోముట ఆడపిల్ల పని యని ఏ శాస్త్రమును చదువకయే మగపిల్లవాడు నేర్చుకొనును. తన రంగు తన విలువను తగ్గించుచున్నదని ఎవరును చెప్పకయే ఆడపిల్ల నమ్మును.

దీనికి చట్టము లేదా? కలదు. స్త్రీలను అసభ్యముగా చూపుటను నిషేధించు చట్టము 1986లో వచ్చినది. ప్రకటనకర్తలు తమంతట తాము 1985లో ఏర్పరచుకొన్న ప్రమాణముల మండలి, స్త్రీపురుషులను మూసపోసి చూపరాదని 2022లో మార్గదర్శక సూత్రములను వెలువరించినది. ఇవి మంచివే. కాని చక్కని చీర కట్టుకొని, చిరునవ్వుతో, జన్మాంతము బట్టలుదుకు స్త్రీ బొమ్మలో అసభ్యత ఏమున్నది? అచ్చట చట్టము చేయి చాలదు. చట్టము చేరని చోటికి నవ్వు చేరును.

ఈ ఆయుధము మనకు క్రొత్తది కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1876లో ‘హాస్యసంజీవని’ని వెలువరించి, ప్రహసనములు వ్రాసి, దురాచారములను నవ్వులపాలు చేసిరి. ఆ కాలమున ఆడపిల్లయే సరకు. విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టికను విజయనగర మహారాజావారు తయారు చేయించగా సంఖ్య 1034 వరకు వచ్చెనని గురజాడ అప్పారావుగారు తమ ‘కన్యాశుల్కము’ పీఠికలో తెలిపిరి. ఆ వధువులలో 99 మంది అయిదేండ్ల పసివారు. ఆ లెక్క చూచినవానికి ఏడుపు రావలెను. గురజాడవారు 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన ఆ నాటకముతో జనమును నవ్వించిరి. లెక్క పీఠికలో నున్నది, నవ్వు రంగస్థలముమీద నున్నది. క్రింద లెక్క లేని నవ్వు వట్టి వెక్కిరింత యగును.

మన ఇండ్లలోని స్త్రీలకును ఈ విద్య తెలియును. పెండ్లిపందిట వియ్యాలవారిని ఆటపట్టించు పాటలు పాడినవారు వారే గదా! నిత్యము తలవంచి యుండవలసిన కోడలి పక్షము ఆ ఒక్క పూట మగపెండ్లివారి గొప్పలను పాటలో కట్టి ఊరి ఎదుట నిలబెట్టెను. కోపముతో అన్నచో తగవు. పాటగా అన్నచో వేడుక. మాట మాత్రము తగులవలసిన చోటనే తగిలెను.

వర్తకులందరును స్త్రీని కించపరచువారే యని నేననుట లేదు. మదరాసులో కేసరి కుటీరము నెలకొల్పి, స్త్రీల వ్యాధులకు ‘లోధ్ర’ అను మందు నమ్మిన డాక్టరు కె.యన్. కేసరిగారు 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రికను ప్రారంభించి, 1934 మొదలుకొని రచయిత్రులకు స్వర్ణకంకణము బహూకరించిరి. మొదటి కంకణము కనుపర్తి వరలక్ష్మమ్మగారిది. మందు అమ్మిన చేయి కలమును గౌరవించినది, ఇది మెచ్చదగినది. అయినను చిన్న నవ్వు నవ్వుకొనుటకు చోటు లేకపోలేదు. కలము పట్టినది ప్రపంచముతో మాటలాడుటకు. పత్రిక పేరు గృహలక్ష్మి. వ్రాసినది బుద్ధితో, బహుమానము గాజు. అయితే మగకవులు కాలికి గండపెండేరము తొడిగించుకొనలేదా? తొడిగించుకొనిరి. ఆయన కాలికున్నప్పుడు అది పాండిత్యము; ఆమె కాలికున్నప్పుడు అందె అలంకారము. వస్తువు ఒకటే, పేరు వేరు. అంగడివాని మర్మమంతయు ఈ పేరులోనే యున్నది.

కలము మాట వచ్చినది గనుక విదేశపు ముచ్చట యొకటి చెప్పెదను. బిక్ అను ఫ్రెంచి కంపెనీ ఆడువారి చేతికి తగినవని చెప్పి గులాబి, ఊదారంగుల కలములను అమ్మెను. 2012లో ఈ సంగతి పలువురి దృష్టిలో పడెను. కొనుగోలుదారులు తమ అభిప్రాయము వ్రాయుటకు దుకాణము విడిచిన చోట జనము తిట్లు వ్రాయలేదు, పొగడ్తలు వ్రాసిరి! ఇన్నాళ్లు మగవారి బరువైన కలమెత్తలేక నిరక్షరాస్యలమై యుంటిమని స్త్రీలు కృతజ్ఞత తెలిపిరి. పొరపాటున ఈ కలము పట్టినందుకు తమ మగతనమునకు ముప్పు వచ్చెనని పురుషులు వాపోయిరి. వర్తకుని మాటను కాదనక, నిజమేనని నమ్మి చివరివరకు నడిపించిరి. ఆ మాట తన బరువుకు తానే కూలెను. ఎత్తిపొడుపులో ఇది మొదటి పద్ధతి.

గులాబి ఆడపిల్లలదని ఎవరు నిర్ణయించిరి? 1918లో పిల్లల దుస్తుల వ్యాపారమునకు చెందిన ఒక అమెరికా పత్రిక, గులాబి గట్టిరంగు గనుక మగపిల్లలకును, నీలము సుకుమారము గనుక ఆడపిల్లలకును తగునని వ్రాసెను. నేడు అంగడి తలక్రిందులుగా చెప్పుచున్నది. నియమము మారినను వ్యాపారము మారలేదు. రెండు రంగులున్నచో అన్న చొక్కా చెల్లికి పనికిరాదు, రెండు కొనవలెను.

ధర సంగతియు చూడుడు. న్యూయార్కు నగరపు వినియోగదారుల శాఖ 2015లో ఇంచుమించు ఎనిమిదివందల వస్తువులను పోల్చి చూచి, ఆడువారి పేర అమ్మునవి సగటున నూటికి ఏడు వంతులు ఎక్కువ ధర పలుకుచున్నవని తేల్చెను. మన దేశమున 2017 జులైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు కుంకుమకు, బొట్టుబిళ్లకు, గాజులకు పన్ను లేదు. నెలసరి రోజులలో వాడు శానిటరీ న్యాప్‌కిన్లకు నూటికి 12 వంతుల పన్ను. అలంకారము అవసరమట, ఆరోగ్యము విలాసమట! ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూపి స్త్రీలు ఎత్తిపొడిచిరి, విన్నపములు పంపిరి, న్యాయస్థానములకు వెళ్లిరి. 2018 జులైలో ఆ పన్ను తొలగెను. రెండు నిజములను ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టుట రెండవ పద్ధతి.

మూడవ పద్ధతి తారుమారు చేయుట. చాక్లెట్టు కంపెనీ యొకటి 1990లలో ఒక ప్రకటన చూపెను: మగవాడు క్రికెట్టులో సిక్సరు కొట్టగా ప్రియురాలు మైదానములోనికి పరుగెత్తి నాట్యమాడును. 2021లో అదే ప్రకటనను తిరుగవేసిరి. ఈసారి బ్యాటు ఆమె చేతిలో. నాట్యము ఆయన వంతు. ఒక్క ఉపదేశవాక్యము లేదు. చూచినవారు నవ్విరి, నవ్వుచునే ఇన్నాళ్లు ఇట్లేల తోచలేదని తలచిరి.

అయితే నవ్వునకును హద్దు కలదు. 2022 డిసెంబరులో హిందుస్థాన్ యూనిలీవరు కంపెనీ గిన్నెలు తోము ‘విమ్’ ద్రవమును నల్లని సీసాలో పోసి, మగవారి కొరకని ప్రకటించెను. ఒకపూట గిన్నె తోమి ఊరంతట గొప్పలు చెప్పుకొను మగవానిపై అది ఎగతాళి. సీసా పరిహాసమే గాని మగవారు గిన్నెలు తోముట పరిహాసము కాదని ఆ కంపెనీయే పిమ్మట వివరించెను. బాగుగనే యున్నది. కాని దేశమంతట ఆ సీసాను గూర్చి మాటలాడుకొనిరి, సరకు పేరు మరింత వ్యాపించెను. మన ఎత్తిపొడుపును సైతము సీసాలో పోసి మనకే అమ్మగల నేర్పరి వర్తకుడు. కనుక అతడు మనతోపాటు నవ్వినంత మాత్రమున పని తీరెనని అనుకొనరాదు.

ఆ కంపెనీయే 1975 మొదలు ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ అను ముఖలేపనమును అమ్మెను. నల్లనిపిల్లకు ఉద్యోగము రాదు. లేపనము పూయగానే వచ్చును: ఇట్టి కథలు చూపగా అఖిల భారత ప్రజాతంత్ర మహిళా సంఘము ఫిర్యాదు చేసెను. 2003లో కేంద్ర ప్రభుత్వము అట్టి ప్రకటనలను ఆపించెను. 2020లో ‘ఫెయిర్’ పోయి ‘గ్లో’ వచ్చెను. ఈలోగా 2005లో వేరొక కంపెనీ మగవారికిని తెల్లబడు లేపనము తెచ్చెను. సమానత్వమనగా ఇదియా! ఆడపిల్లకున్న దిగులును మగపిల్లవానికి పంచిపెట్టుట సమానత్వమైనచో, తలనొప్పి పంచుకొనుటయు సంసారసుఖమే.

ఇచ్చట ఒక్క మాట గట్టిగా చెప్పవలెను. ఆ లేపనము కొన్న పిల్లను చూచి నవ్వరాదు. పెండ్లిచూపులలో ఆమె రంగును గూర్చి గుసగుసలాడినవారము మనము. ఆ గుసగుసను డబ్బాలో పెట్టి అమ్మినవాడు వర్తకుడు. నవ్వు అతనిపై పడవలెను, మనపై పడవలెను; ఆమెపై పడరాదు. అట్లే అప్పడాల కర్ర పట్టిన భార్య, నగలకై ఏడ్చు భార్య అని పత్రికలలో ఏండ్లుగా వచ్చు హాస్యము మూసను పగులగొట్టు హాస్యము కాదు. మూసలో పోసిన హాస్యము. బలవంతుని గొప్పను దించునది పరిహాసము. బలహీనుని మరింత వంచునది ఎకసెక్కెము.

ఇక చేయవలసిన పని. ఈ గ్రంథాలయమున ‘ప్రకటనల పుస్తకము’ అని ఒక నోటుపుస్తకము నుంచుడు. వారమునకొకసారి పత్రికలోని ఒక ప్రకటనను గట్టిగా చదివి, ఆమె యున్న చోట ఆయనను, ఆయన యున్న చోట ఆమెను పెట్టి మరల చదువుడు. సహజముగా వినబడినచో ఆ ప్రకటనలో దోషము లేదు. నవ్వు వచ్చినచో, ఎందుకు వచ్చెనో ఒక్క వాక్యము వ్రాయుడు. బాలబాలికలు వ్రాయవలెను, పెద్దలును వ్రాయవలెను. ఏడాదిలో అది ఈ గ్రామపు హాస్యగ్రంథమగును. మరుసటి ఏట మన పిల్లలను మభ్యపెట్టుట వర్తకునికి అంత సులభము కాదు.

అన్నదమ్ములకు వేరుగా ఒక విన్నపము. సాయంకాలము చదువుగదిలో ఎవరెవరు కూర్చుందురో ఒకసారి లెక్కించి చూడుడు. అక్కచెల్లెండ్రు తక్కువగా నున్నచో వారికి పుస్తకముపై ప్రీతి లేదని తీర్మానింపకుడు. వారు చదువవలసిన గంట ఇంటిలో ఎంగిలి గిన్నెల క్రింద నున్నది. దానిని బయటికి తీయుటకు నల్లసీసా అక్కరలేదు, గులాబిసీసా అక్కరలేదు. ఇంటిలో నున్న సబ్బుముక్కయే చాలును. ఆ పని చేసినవారు ఊరంతట చెప్పుకొననక్కరలేదు. మరునాడు చదువుగదిలో మరియొక పాఠకురాలు కనబడును, అదియే చాటింపు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి, నేను నేడు చెప్పిన ప్రకటనలు మన మనుమరాండ్రకు అర్థముకాని పాత హాస్యముగా మారుగాక యని కోరుచున్నాను.