ఆగిన రక్తం తిరిగి వచ్చినప్పుడు



కరెంటు పోగానే మనలో చాలామంది ముందు చేసే పని ఫ్రిజ్ స్విచ్ తీసెయ్యడం. కరెంటు పోయినందువల్ల ఫ్రిజ్‌కి వచ్చే నష్టం కంటే, అది తిరిగి వచ్చేటప్పుడు ఒక్క ఉదుటున తగిలే వోల్టేజీ వల్ల వచ్చే నష్టమే ఎక్కువని మనకి అనుభవం. మన ఒంట్లోని కండరాలకీ ఇలాంటి చిక్కే ఉంది. రక్తం అందకపోతే కండరం పాడవుతుందని అందరికీ తెలుసు. ఆగిన రక్తం మళ్ళీ పారడం మొదలయ్యాక ఇంకో దెబ్బ తగులుతుందన్న సంగతి మాత్రం అంతగా తెలియదు. ఈ రెండో దెబ్బని పసుపు, ఉల్లి, ద్రాక్ష గింజలు, తేయాకు ఆపుతాయని ఈమధ్య తరచుగా వింటున్నాం. వంటిల్లు మన చేతిలో ఉన్నది కనుక, ఇందులో ఎంత నిజముందో మనమే తెలుసుకోవాలి కదా!

రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడిన రోజుల్లో ఇళ్ళు కూలి జనం శిథిలాల కింద చిక్కుకుపోయేవారు. గంటల తర్వాత బైటికి తీస్తే కొందరు బాగానే మాట్లాడేవారు. తర్వాత నలిగిన కాలు వాచేది, మూత్రం ముదురు రంగుకి తిరిగేది, కొద్ది రోజుల్లో మూత్రపిండాలు పనిచెయ్యక ప్రాణం పోయేది. బైవాటర్స్ అనే డాక్టరు 1941లో ఈ సంగతి వివరంగా రాశాడు. బరువు కింద నలిగి ఉన్నంతసేపూ కండరంలోని విషం అక్కడే ఉండిపోయింది. బరువు తీసి రక్తం పారగానే ఒళ్ళంతా పాకింది.

ఈ విషం ఎక్కడినుంచి వస్తుందో తెలియాలంటే మన తెలుగువాడి పేరు ఒకటి చెప్పుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డులో ఫిస్కేతో కలిసి పనిచేస్తూ, కండరం తన శక్తిని ఏ రూపంలో దాచుకుంటుందో చూపించారు. 1927లో ఫాస్ఫోక్రియేటిన్ సంగతి, 1929లో ఏటీపీ సంగతి ప్రకటించారు. ఏటీపీ అంటే కండరానికి చేతి ఖర్చు డబ్బు అనుకోండి. రక్తం ఆగితే ఆ డబ్బు నిమిషనిమిషానికీ కరిగిపోతుంది. కరిగిపోగా మిగిలిన చెత్త అక్కడే పేరుకుంటుంది. అప్పుడు ఒక్కసారిగా ప్రాణవాయువు వచ్చి పడితే, ఒక ఎంజైము ఆ చెత్తని ప్రాణవాయువుతో కలిపి సూపరాక్సైడ్ అనే చెడ్డ పదార్థాన్ని తయారు చేస్తుంది. జో మెకార్డ్ అనే శాస్త్రజ్ఞుడు 1985లో ఈ మార్గాన్ని వివరించాడు. వాపు పుట్టించే తెల్ల రక్తకణాలు కూడా అక్కడికి చేరి గొడవ పెంచుతాయి. సూపరాక్సైడ్ వంటి పదార్థాలనే ఫ్రీ రాడికల్స్ అంటూ ఉంటారు. కణాల గోడల్లోని కొవ్వుని ఇవి పాడుచేస్తాయి. మూత పెట్టకుండా వదిలేసిన నూనె మక్కు వాసన కొట్టడం కూడా ప్రాణవాయువు చేసే పనే!

ఇక మొక్కల దగ్గరికి వద్దాం. ఎండలో నిలబడి ఉండే మొక్క ఇలాంటి పదార్థాల నుంచి తనని తాను కాపాడుకోవాలి కనుక విరుగుడు కూడా తనలోనే తయారు చేసుకుంటుంది. పసుపులో కర్కుమిన్, ఉల్లిలో క్వెర్సెటిన్, తేయాకులో కేటెకిన్లు, ఉసిరిలో సి విటమిన్ అలాంటివే. ఎలుకల కాలికి కొన్ని గంటలు రక్తం ఆపి, తర్వాత వదిలి చేసిన ప్రయోగాల్లో, ముందుగా కర్కుమిన్ వంటివి ఇచ్చిన ఎలుకల కండరం తక్కువ పాడైనట్టు కనిపించింది. ఇది నిజమే. కాకపోతే ఎంత ఇచ్చారో చూడండి. కిలో బరువుకి 100 మిల్లీగ్రాములు, అంతకు మించి కూడా ఇచ్చిన ప్రయోగాలున్నాయి. ఎలుక లెక్క మనిషికి అచ్చంగా సరిపోదనుకోండి, అయినా అంచనాకి వేసి చూద్దాం. 60 కిలోల మనిషికి 6 గ్రాముల కర్కుమిన్ కావాలి. పసుపులో అది నూటికి మూడు పాళ్ళు. అంటే 200 గ్రాముల పసుపు! పప్పులో వేసే చిటికెడు ఎక్కడ, ఇదెక్కడ?

పైగా తిన్న కర్కుమిన్ రక్తంలోకి సరిగా చేరదు. బెంగుళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీవారు 1998లో మనుషులకి 2 గ్రాములు ఇచ్చి చూస్తే రక్తంలో దాదాపు కనిపించనే లేదు. మిరియాలలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే ఇరవై రెట్లు పెరిగింది. మిరియాల చారు కనిపెట్టిన మన పెద్దవాళ్ళు గట్టివాళ్ళే!

అంతమాత్రాన పసుపు పనికిరానిదని నేననడం లేదు సుమా. అంబర్‌పేట నుంచి యూనివర్సిటీ మీదుగా తార్నాక వెడితే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అక్కడివారు 1992లో ప్రకటించిన పరిశీలనలో, పొగతాగే 16 మందికి రోజుకి గ్రామున్నర పసుపు 30 రోజులు ఇస్తే మూత్రంలో పొగ తాలూకు హానికర పదార్థాలు బాగా తగ్గాయి. గ్రామున్నర అంటే అర చెంచా, ఇది వంటింటి లెక్కే. కాని అది పొగ విషం సంగతి, రక్తం ఆగిన కాలి సంగతి కాదు. ఒకదానికి పనిచేసిందని ఇంకోదానికి అంటగట్టకూడదు.

మాత్రల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. ఫిన్లండులో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ళమీద చేసిన పరీక్ష ఫలితం 1994లో వచ్చింది. క్యారెట్‌కి రంగునిచ్చే బీటా కెరోటిన్‌ని మాత్రగా మింగినవారిలో ఊపిరితిత్తుల కేన్సరు తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. క్యారెట్ కూర తినడం వేరు, దాని సారం తీసి రోజూ మింగడం వేరు. కర్కుమిన్ మాత్రలతో కాలేయం చెడిన సందర్భాలు కూడా ఉన్నాయి. మోకాలి ఆపరేషనుకి వెళ్ళేవారు ఇలాంటివి వాడుతూంటే డాక్టరుకి ముందే చెప్పాలి. ఆ ఆపరేషన్లో తొడకి పట్టీ బిగించి రక్తం ఆపే పద్ధతి ఉంది. సాధారణంగా రెండు గంటలు మించకుండా చూసుకుంటారు. కండరాన్ని కాపాడటానికి అక్కడ వాళ్ళు నమ్ముకున్నది గడియారాన్ని.

మన ఇళ్ళల్లో కూడా ఆ గడియారమే ముఖ్యం. గుండె లయ తప్పినవాళ్ళలో, కీళ్ళవాతంతో చిన్నప్పుడే గుండె కవాటాలు చెడినవాళ్ళలో, గుండెలో కట్టిన రక్తపు గడ్డ ఒకటి జారి కాలి రక్తనాళంలో అడ్డుపడవచ్చు. ఒక్కసారిగా ఒక కాలు విపరీతంగా నొప్పి పుడుతుంది, పాలిపోతుంది, రెండో కాలితో పోలిస్తే చల్లగా తగులుతుంది, తర్వాత మొద్దుబారుతుంది. కండరం ఓర్చుకునేది నాలుగు నుంచి ఆరు గంటలు. ఆ తర్వాత రక్తం తిరిగి వచ్చినా, మొదట చెప్పిన రెండో దెబ్బ అంత గట్టిగా తగులుతుంది.

ఈ ఆరు గంటలూ మన ఆడవాళ్ళు ఎలా పోగొట్టుకుంటారో మీకు తెలియంది కాదు. "తిమ్మిరెక్కింది, అదే పోతుంది" అని వంట ముగిస్తారు. పిల్లలు స్కూలు నుంచి రావాలి, ఆయన ఆఫీసు నుంచి రావాలి. అత్తగారికి ఇలా జరిగితే కోడలు పసుపు, ఆముదం రాసి మర్దన చేస్తుంది, ప్రేమతోనే. కాని ఆ కాలికి మర్దన చెయ్యకూడదు. వేడినీళ్ళ కాపడం అసలే వద్దు. స్పర్శ తెలియని కాలు కాలిపోయినా తెలియదు. పల్లెలో పాము కరిచిందని తాడుతో బిగించి కట్టడం కూడా ఇలాంటి పొరపాటే. కట్టినంతసేపూ రక్తం ఆగుతుంది, విప్పినప్పుడు పోగైనదంతా ఒక్కసారిగా పాకుతుంది.

కాలు చల్లబడిందంటే 108కి ఫోను చెయ్యండి. రక్తనాళాల శస్త్రచికిత్స విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళమని అడగండి. వాడుతున్న మందుల చీటీ వెంట ఉంచుకోండి. నొప్పి ఎన్ని గంటలకి మొదలైందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అక్కడ డాక్టరు మొదట అడిగేది అదే.