సీసా తిరిగి ఇచ్చే అలవాటు
(స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీవారు నన్ను పర్యావరణం మీద మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద విషయం. నాకు తెలిసింది సీసా. ఇరవై ఎనిమిదేళ్లు కూల్‌డ్రింకుల ప్లాంటులో పనిచేశాను కాబట్టి ఆ ఒక్కదాని గురించే చెబుతాను.

మనం చదివే రోజుల్లో గేటు పక్క బడ్డీలో గోలీసోడా ఉండేది. ఆ సీసాకు 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లండు ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు. లోపలి గ్యాసే గోలీని పైకి తోసి రబ్బరు వాషరుకు అదిమి పెడుతుంది. వేరే మూత అక్కర్లేదు. తాగి సీసాతో నాలుగడుగులు వేస్తే కొట్టు బాబాయి కేక వేసేవాడు. 1977లో థమ్సప్ వచ్చినప్పుడూ గాజు సీసాయే. ఇంటికి పట్టుకెళ్లాలంటే డిపాజిట్టు కట్టాల్సిందే. ఖాళీ సీసాలు ప్లాంటుకొచ్చాక వేడి కాస్టిక్ సోడా నీళ్లలో కడిగి, వెలుగులో పరీక్షించి మళ్లీ నింపేవాళ్లం. సీసా చుట్టూ తెల్లటి గీతల పట్టీ గుర్తుందా? చాలామంది మురికి అనుకునేవారు. అది లైను మీద సీసాలు ఒకదానికొకటి రాసుకుని పడిన అరుగుదల. పట్టీ ఎంత మందంగా ఉంటే ఆ సీసా అన్నిసార్లు తిరిగొచ్చినట్టు.

పెట్ సీసా మీద 1973లో డ్యూపాంట్ ఇంజనీరు నథానియల్ వైత్‌కు పేటెంటు వచ్చింది. దాన్ని నేను తిట్టను. గ్యాసు ఒత్తిడికి అడుగు ఉబ్బకుండా ఐదు రేకుల పువ్వులా మలిచారు చూడండి, అది మంచి ఇంజనీరింగు. తేలిక, పగలదు, లారీకి డీజిల్ తక్కువ. గాజు సీసా వందల కిలోమీటర్లు ఖాళీగా తిరిగి రావాలంటే అదీ నష్టమే. చిక్కల్లా, సీసాను వెనక్కి తేవడం ఎవరి పనీ కాకుండా పోయింది.

చెత్త ఏరేవాళ్లు రెండు లీటర్ల సీసాను వదలరు, పాత సామాన్ల కొట్టులో కిలోల లెక్కన కొంటారు కాబట్టి. పావు లీటరు సీసా కోసం నడుం వంచితే ఏం గిట్టుతుంది? అందుకే మన బడి వెనక కాలవలో కనిపించేవన్నీ చిన్నవే. తిరిగి వాడకానికి చేరిన సీసాలను తునకలు చేసి నీళ్లలో వేస్తారు. పెట్ మునుగుతుంది, మూత ముక్కలు తేలతాయి, అలా వేరవుతాయి. ఆ పెట్‌లో చాలా భాగం పాలిస్టర్ దారం అవుతుంది. నేను వేసుకున్న చొక్కాలోనూ ఉందేమో!

జర్మనీలో 2003 నుంచి ఇలాంటి సీసా మీద డిపాజిట్టు ఉంది, ఇప్పుడది 25 సెంట్లు. నూటికి తొంభైకి పైగా తిరిగొస్తున్నాయి. అంత దూరం ఎందుకు, 2022లో నీలగిరుల్లో సీసాకు పది రూపాయలు పెట్టారు. అవి సారా సీసాలు, మాస్టార్లు మన్నించాలి, కానీ పద్ధతి మంచిదే.

ఇక మన సంగతి. మూడు రోజుల ఉత్సవానికి మన మిత్రుడొకరు పావు లీటరు కూల్‌డ్రింకులు ఉచితంగా ఇస్తానన్నాడు. మంచి మనసు, కాదనను. కానీ పూటకు వెయ్యి మంది అనుకున్నా మూడు రోజుల్లో ఎన్ని సీసాలో లెక్క కట్టండి. అవే రెండు లీటర్ల సీసాల్లో తెప్పించి స్టీలు గ్లాసుల్లో పోస్తే ఎనిమిది సీసాలు, ఎనిమిది మూతల చోట ఒక్కటి సరిపోతుంది. చిన్నవే కావాలంటే సీసాకు పది రూపాయల టోకెను పెడదాం.

"అమెరికా నుంచి వచ్చినవాడు పది రూపాయల కోసం వరుసలో నిలబడతాడా?" అని నిన్న కార్యదర్శి గారు అడిగారు. నిలబడడు. అతను కుర్చీ కింద వదిలేసిన సీసాను తొమ్మిదో తరగతి కుర్రాడు ఏరుకొస్తాడు. పది రూపాయలు వాడివి. ఎవరు కొన్నారని అడగొద్దు, ఎవరు తెస్తే వారికే ఇద్దాం.

నీళ్ల సంగతి లెక్కల మాస్టారు చూస్తానన్నారు, కుండలు సరిపోతాయట. గ్లాసులు కడగడానికి నలుగురు కావాలి, కూలీ కమిటీ ఇవ్వాలి. టోకెన్ల బల్ల దగ్గర మొదటి రోజు నేను కూర్చుంటాను. మిగతా రెండు రోజులకు పేర్లు ఈ సాయంత్రమే రాసుకుందాం.